పునర్ముద్రణ పునర్జీవనం కాదు

ఒక తరం పిల్లల చేతుల్లో నలిగి, అట్టలు ఊడి, అంచులు చిరిగిపోయిన హిందీ బొమ్మల కథల పుస్తకాలు ఈనాడు నున్నని కాగితంమీద, దళసరి అట్టలతో, కొత్త రంగులతో తిరిగి వెలువడుతున్నవి. ఈ ప్రయత్నానికి పునరుజ్జీవనమని పేరు పెట్టుకొన్నారు. పేరు గొప్పదే. పేరుకు తగిన పని జరుగుతున్నదా అన్నది విచారించవలసిన విషయం. పుస్తకానికి మరణం రెండు విధాల వస్తుంది. ప్రతులు దొరకకపోవడం మొదటిది. ప్రతులు దొరుకుతున్నా వాటిని మొదటిసారిగా విప్పే పాఠకుడు లేకపోవడం రెండవది. మొదటి దానికి అచ్చుయంత్రం మందు వేయగలదు. రెండవ దాని విషయంలో అచ్చుయంత్రం నిస్సహాయురాలు. ఇప్పుడు జరుగుతున్న ఉత్సవమంతా మొదటి మరణాన్ని జయించినందుకే; రెండవదాని సంగతి ఎత్తేవారు అరుదు.

సూపర్ కమాండో ధ్రువ్ చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం. ఢిల్లీలో రాజ్‌కుమార్ గుప్తా, ఆయన కుమారులు 1980 దశకంలో నెలకొల్పిన రాజ్ కామిక్స్ సంస్థ 1986లో నాగరాజ్‌ను, 1987లో ధ్రువ్‌ను హిందీ పిల్లలకు పరిచయం చేసింది. నాగరాజ్ మొదటి కథకు రచయిత పరశురామ్ శర్మ. బొమ్మలు వేసినవారు అమర చిత్ర కథల ద్వారా పేరు పొందిన ప్రతాప్ ములిక్. నాగరాజ్ సర్పశక్తులు కలవాడు. ధ్రువ్‌కు అటువంటి శక్తి ఏదీ లేదు. ‘ప్రతిశోధ్ కీ జ్వాలా’ అనే కథతో అతనిని సృష్టించిన అనుపమ్ సిన్హా కథా తామే వ్రాశారు, బొమ్మలూ తామే వేశారు. జూపిటర్ సర్కసులో ఆటగాళ్ళయిన శ్యామ్, రాధ దంపతుల కొడుకు ధ్రువ్. పోటీ సర్కసువారి అసూయ అగ్నిరూపం ధరించి ఆ గుడారాన్ని, అతని తల్లిదండ్రులను దహించివేసింది. రాజన్ మెహ్రా అనే పోలీసు అధికారి ఆ అనాథను తన ఇంటికి తెచ్చుకొని పెంచాడు. పెరిగిన పిల్లవాడు రాజ్‌నగర్ అనే కల్పిత నగరానికి రక్షకుడైనాడు. అతని ముఖానికి ముసుగు లేదు. ఆకాశంలో ఎగరలేడు. దెబ్బ తగిలితే నెత్తురు కారుతుంది. సర్కసులో అబ్బిన విన్యాసాలు, మృగపక్షులతో మాట్లాడే నేర్పు, విజ్ఞానశాస్త్రంలో ప్రవేశం, ఒక మోటారు సైకిలు అతని ఆస్తి. తనకన్న ఎన్నో రెట్లు బలవంతుడైన శత్రువు ఎదురైనప్పుడు వాని బలానికి మూలమెక్కడున్నదో, ఆ మూలానికి లోపమెక్కడున్నదో ధ్రువ్ ఆలోచిస్తాడు. ఆ ఆలోచన పాఠకుడు కూడ చేయగలిగినది. పదేళ్ళ పిల్లవానికి ఇంతకు మించిన గౌరవం ఏ కథ ఇవ్వగలదు?

ఆ కథలు చదివినవారిలో అనేకులు వాటిని కొన్నవారు కారు. ఉత్తర భారతపు పట్టణాలలో చిన్న చిన్న దుకాణాల ముందు తాడుమీద వేలాడదీసిన పుస్తకాలు రోజుకు కొద్ది పైసల అద్దెకు దొరికేవి. వేసవి సెలవులలో ఒక్కొక్క ప్రతి ఎన్నో చేతులు మారేది. అద్దె తెచ్చినవాడు చదువుతూ ఉంటే అతని భుజం మీదుగా ఇంకొకడు చదివేవాడు. పుట త్రిప్పడంలో తగవులు వచ్చేవి. అక్షరాలు కూడబలుక్కొనే దశలో ఉన్న పిల్లవాడు బొమ్మను పట్టుకొని మాటను, మాటను పట్టుకొని వాక్యాన్ని చేరుకొనేవాడు. 1990 దశకంలో ఉపగ్రహ టెలివిజన్ ఇండ్లలోకి వచ్చింది, వెనుకనే కంప్యూటరు ఆటలు వచ్చినవి, అద్దె దుకాణాలు ఒక్కటొక్కటిగా మూతబడినవి. అప్పుడు పోయినది పుస్తకం ఒక్కటే కాదు. పుస్తకాన్ని బీద పిల్లవాని చేతిదాకా తెచ్చే త్రోవ పోయింది. పునరుద్ధరణ అనేది ఏదైనా ఉంటే అది ఆ త్రోవను తిరిగి వేయడంతో ప్రారంభం కావాలి.

జరుగుతున్నది వేరు. 2020 తరువాత రాజ్ కామిక్స్ అన్నదమ్ముల మధ్య వేరు శాఖలుగా విడిపోయింది. పాత కథల పునర్ముద్రణలు, సంపుటాలు, కొత్త వరుసలు వేరువేరు శాఖలనుండి వస్తున్నవి. వాటిలో మంచి ముద్రణ ఉన్నది, శ్రద్ధ ఉన్నది. కాని వాటి చూపు ఎవరి వైపు ఉన్నదో గ్రహించడం కష్టం కాదు. ముందుగా సొమ్ము కట్టి ప్రతిని కేటాయించుకొనే ఏర్పాటు, పుస్తకంతో పాటు అంటించుకొనే బొమ్మలు, దాచుకొనే చీట్లు, గాజు బీరువాకు తగిన అట్ట: ఇవన్నీ బాల్యంలో ధ్రువ్‌ను చదివి, ఇప్పుడు నలభై ఏళ్ళు దాటి, జీతం సంపాదిస్తున్న పెద్దమనిషి కోసం. అతని ప్రేమ నిజమైనదే. అతని కొనుగోలు లేకపోతే ఈమాత్రం ముద్రణ కూడ జరిగేది కాదు. ఐతే అతడు కొంటున్నది తన జ్ఞాపకాన్ని. జ్ఞాపకానికి వారసుడు ఉండడు. కథకు ఉండగలడు, ఎవరైనా ఆ కథను అతని చేతికి ఇస్తే. గాజు బీరువాలోని పుస్తకాన్ని ఆ ఇంటి పిల్లవాడే ముట్టుకొనడానికి వీలులేదు. నలుగుతుందని తండ్రి భయం. నలగడానికే పుట్టిన పుస్తకానికి ఇంతకన్న విపరీతమైన గతి లేదు.

పాత్రను బ్రతికించి కథను వదిలివేసే ఇంకొక పద్ధతి కూడ ఉన్నది. ప్రాణ్ సృష్టించిన చాచా చౌధరీని 2021లో నమామి గంగే కార్యక్రమానికి ప్రచార చిహ్నంగా ఎన్నుకొన్నారు. గంగ శుద్ధి కావలసినదే. ఆ ఎర్ర తలపాగా ముసలాయన చెబితే పిల్లలు వింటారన్న ఊహ కూడ తప్పు కాదు. కాని చిహ్నానికి తలపాగా, మీసం గుర్తుంటే చాలును. యుక్తి అవసరం లేదు. చాచా చౌధరీ యుక్తివల్ల చాచా చౌధరీ ఐనాడు. ప్రకటనలో నిలబడిన వీరుడు ఉద్యోగి అవుతాడేగాని వీరుడు కాడు.

ఇక రెండవ పక్షం సంస్కర్తలది. పాత కథలు పసివాళ్ళవి, నేటి పాఠకుడు ఎదిగినాడు, కాబట్టి వీరుడూ ఎదగాలని వారి సిద్ధాంతం. ఎదగడమంటే వారికి నలుపు రంగు ఎక్కువ కావడం, నెత్తురు ఎక్కువ కావడం, వీరుని మొగాన చిరునవ్వు చెరిగిపోవడం. ఈ అభిరుచి ఎక్కడిదో అందరికీ తెలిసినదే. 1986లో అమెరికాలో ఫ్రాంక్ మిల్లర్ ముసలి బ్యాట్‌మన్‌ను చీకటి నగరంలో తిరిగి నిలబెట్టాడు. అదే సంవత్సరం ఆలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల ‘వాచ్‌మెన్’ మొదలై వీరత్వమనే భావాన్నే పరీక్షకు పెట్టింది. అవి గట్టి రచనలు. అర్ధశతాబ్దం పాటు కథలు వచ్చి వచ్చి అలసిపోయిన ఒక సంప్రదాయం తన్ను తాను ప్రశ్నించుకొన్న ఘట్టం అది. ఆ ప్రశ్న వెనుక ఆ చరిత్ర ఉన్నది. చరిత్రను వదలి చీకటిని మాత్రం దిగుమతి చేసుకొంటే ఎదుగుదల రాదు, దిగులు వస్తుంది. తల్లిదండ్రులు కాలిపోయిన పిల్లవాడు లోకంమీద కసి పెంచుకొనక లోకాన్ని కాపాడడానికి నిలబడినాడన్నది ధ్రువ్ కథలోని అసలు ధైర్యం. అతనిని కసి పెంచుకొన్నవానిగా తిరగవ్రాస్తే చాలా తేలికైన పని చేసినట్లు. దానిని ప్రౌఢత్వమని పిలవడం భ్రమ.

భాష సంగతి ఇంకా విచారకరం. 1987 నాటి కథకు ‘ప్రతిశోధ్ కీ జ్వాలా’ అని పేరు. 2010 దశకంలో అనుపమ్ సిన్హాయే ధ్రువ్ బాల్యానికి తిరిగి వెళ్ళి ‘బాల్‌చరిత్’ అనే వరుస వ్రాశారు. సృష్టికర్తయే తన పాత్రను తిరిగి చేపట్టడం అభినందించదగినది. వరుసకు పెట్టిన పేరులో దేశీయమైన సొంపు ఉన్నది. కాని ఆ వరుసలోని పుస్తకాల అట్టలమీది పేర్లు ‘హంటర్స్’, ‘ఫ్లాష్‌బ్యాక్’, ‘నో మ్యాన్స్ ల్యాండ్’, ‘ఫీనిక్స్’. దేవనాగరి లిపిలో ఆంగ్లం! ఇది ఒక రచయిత దోషం కాదు, కాలం దోషం. హిందీలో చెబితే కథ పాతబడినట్లు కనిపిస్తుందన్న భయం ప్రకాశకులను, పాఠకులను, బడులను ఒకే రీతిగా పట్టుకొన్నది. పిల్లవాడు ఆంగ్ల పాఠశాలలో చదువుతున్నాడు, హిందీ చదవడం అతనికి కష్టమంటారు. నిజమే కావచ్చు. మరి హిందీ చదవడం అతనికి ఇష్టమయ్యేటట్లు చేయగలిగిన సాధనం ఇటువంటి పుస్తకమే కదా! దానినే ఆంగ్లానికి అప్పగించిన తరువాత మిగిలేది పాఠ్యపుస్తకం. పాఠ్యపుస్తకాన్ని చూచి భాషను ప్రేమించిన పిల్లవాడు ఏ దేశంలోనూ అరుదే.

సంరక్షకులకు, సంస్కర్తలకు నడిమధ్య ఒక న్యాయమైన ప్రశ్న ఉన్నది. పాత కథలలో నేటి దృష్టికి గుచ్చుకొనే అంశాలున్నవి. దుర్మార్గుని రంగు నలుపు కావడం, అడవిలో ఉండేవారు మూఢులు కావడం, స్త్రీ పాత్ర రక్షింపబడడానికో మోహింపజేయడానికో మాత్రమే ఉండడం ఆ కాలపు బొమ్మల కథలలో కొల్లలు. అరువు కూడ తక్కువ కాదు. సర్కసులో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న బాలుడనే కల్పన 1940లో పుట్టిన అమెరికా వీరుడు రాబిన్‌ది. ధ్రువ్ కథ ఆ బీజంనుండి మొలిచినదే అనుకొన్నా, మొలిచిన చెట్టు ఈ నేలది: రాబిన్‌కు ఆశ్రయమిచ్చినవాడు ముసుగు తొడిగే కోటీశ్వరుడు, ధ్రువ్‌కు ఆశ్రయమిచ్చినది జీతంమీద బ్రతికే ఉద్యోగి ఇల్లు, అక్కడ ఒక పెంపుడు తల్లి, శ్వేత అనే చెల్లెలు. ఆ శ్వేతయే ఇంట్లో ఎవరికీ తెలియకుండ చండిక అనే వీరాంగన అవుతుంది. లోపమూ, అరువూ, స్వంతమైన సొగసూ ఒకే పుటలో ఉన్నవి. పూజించేవాడు మొదటి రెండింటిని చూడడు. ఖండించేవాడు మూడవదానిని చూడడు.

ఈ విషయంలో అనుసరించవలసిన నియమం సులభమైనదే. పాత పుటను దిద్దరాదు. కొత్త కథలో పాత తప్పును మోయరాదు. పాత కథను తిరిగి అచ్చు వేసేటప్పుడు ఒక చిన్న ముందుమాట చేర్చి, ఇది ఏ కాలంలో పుట్టినది, ఆ కాలానికి ఏవి కనబడలేదు అన్నది పిల్లలకు అర్థమయ్యే మాటలలో చెబితే సరిపోతుంది. చాటుగా మాటలు మార్చి, రంగులు మార్చి, ఎల్లప్పుడూ ఇలాగే ఉన్నదన్నట్లు నటించడం పిల్లలకు అబద్ధం చెప్పడమే. కొత్త కథ వ్రాసేవానికి మాత్రం ఆ ముందుమాట రక్షణ ఇవ్వదు. అతడు ఈనాటివాడు, ఈనాటి కళ్ళతోనే చూడాలి.

పేర్లు మార్చినంత మాత్రాన పని పూర్తికాదని చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉన్నది. లీ ఫాక్ 1936లో సృష్టించిన ఫాంటమ్‌ను టైమ్స్ ఆఫ్ ఇండియావారి ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చి నుండి ఈ దేశపు పాఠకులకు అందించింది. హిందీలో అతడు వేతాళుడైనాడు. మూలంలో బెంగాల్‌ను స్ఫురింపజేసే దేశం ఇక్కడ డెంకాలీ అయింది. సింగ్ అనే పేరు గల సముద్రపు దొంగలు ‘సింగా’ దొంగలైనారు. తండ్రిని చంపిన రామా అనే హంతకుడు ‘రామలు’ అయినాడు. ఈ మార్పులవల్ల పాఠకుని మనసు నొచ్చుకొనలేదు, కథ చెడలేదు. అవి అవసరమైన మర్యాదలే. కాని ఒక తెల్లజాతి మనిషి తరతరాలుగా అడవి జనానికి ఏలికగా ఉండడం, వారు అతనిని చావులేనివానిగా కొలవడం అన్న కథా నిర్మాణం మాత్రం కదలలేదు. ఆ నిర్మాణాన్ని కదిలించవలసినవాడు అనువాదకుడు కాడు, కొత్త కథ వ్రాసేవాడు. 1976లో ఆబిద్ సుర్తీ అదే ఇంద్రజాల్ పుటలలో బహాదుర్ అనే దేశీయ వీరుణ్ణి ప్రవేశపెట్టి ఆ పని చేసి చూపారు. వేతాళుణ్ణి చెరపలేదు, ప్రక్కన బహాదుర్‌ను నిలిపారు. సంస్కరణ అంటే అది.

నిజమైన పునర్జీవనానికి ఇంకొక త్రోవ ఉన్నది. దాని పేరు అనువాదం. పాఠకులు కరువైన కథకు కొత్త పాఠకులను ఒక్కసారిగా ఇవ్వగలిగినది ఇంకొక భాష. ఈ రహస్యం తెలుగువారికి కొత్తది కాదు. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో మొదలై, క్రమంగా దేశభాషలెన్నిటిలోనో వెలువడింది. ఒకే బొమ్మను మద్రాసులోనూ, మరాఠీ పల్లెలోనూ పిల్లలు తమ తమ మాటలతో చదివినారు. 1952 నుండి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావుగారంతటి కథకుడు ఆ పత్రికకు పనిచేశారు. పిల్లల కోసం వ్రాయడం పెద్ద రచయితకు చిన్నతనమని ఆయన తలచలేదు. ఆ పత్రిక 2013లో ఆగిపోయింది. అది వేసిన త్రోవ మాత్రం ఇంకా పూడిపోలేదు.

ధ్రువుడనే పేరు తెలుగు పిల్లవానికి పరాయిది కాదు. సవతి తల్లి సురుచి మాటకు తండ్రి తొడమీది చోటు పోగొట్టుకొన్న బాలుడు, తపస్సు చేసి, ఎవరూ కదిలించలేని నక్షత్రస్థానం సంపాదించిన కథ పోతన భాగవతం చతుర్థ స్కంధం ద్వారా ఇంటింటా తెలిసినదే. అమ్మ ఒడి, నాన్న ఒడి మంటలలో పోగొట్టుకొన్న సర్కసు కుర్రవానికి ఆ పేరు ఎందుకు పెట్టినారో తెలుగు పాఠకునికి వివరించనక్కరలేదు. ఆంగ్లంలోకి పోతే ఈ పేరు వట్టి శబ్దం. తెలుగులోకి వస్తే ఇంటికి వచ్చిన చుట్టం.

ఐతే బొమ్మల కథను అనువదించడం తేలిక పని అనుకొన్నవారు దానిని చేసి చూచినవారు కారు. మాటల బుడగ హిందీకి తగినట్లు గీసి ఉంటుంది. దేవనాగరిలో అక్షరాలు పైగీతనుండి వరుసగా వేలాడతవి. తెలుగులో గుడులు పైకి లేచి, ఒత్తులు క్రిందికి దిగుతవి కాబట్టి పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ‘బచ్ నహీఁ సక్‌తే’ అనే మూడు చిన్న మాటలను హిందీ బుడగలో మూడు పంక్తులుగా పేర్చవచ్చును. ‘తప్పించుకోలేవు’ అనే ఒక్క మాటను ఎక్కడ విరచాలి? ఇక రూపం ఒకటై అర్థం వేరైన సంస్కృత పదాల వల. గురువు ‘శిక్షా’ ఇచ్చినాడని హిందీ అంటే తెలుగులో అది చదువు. ఆదమరచిన అనువాదకుడు పిల్లవానికి దండన వేయిస్తాడు. ‘అవసర్’ అవకాశమేగాని అవసరం కాదు. ‘ప్రతిశోధ్’ తెలుగులో ప్రతీకారమవుతుంది. ధ్రువ్‌ను శ్వేత అన్నయ్యా అని పిలవాలి. రాజన్ మెహ్రాను అతడు నాన్నగారూ అనాలా, నాన్నా అనాలా అన్నది అనువాదకుడు ఆ ఇంటిని ఎరిగి తేల్చవలసినది. బొమ్మలో కలిసిపోయిన చప్పుళ్ళు సరేసరి. ‘ధడామ్’ అన్నచోట ‘దభేల్’ అని చిత్రకారుడు తిరిగి గీయాలి. ఫెళ్ళుమనడం, ఛెళ్ళుమనడం, ధన్నుమనడం తెలుగుకు పుట్టుకతో వచ్చిన సంపద. దానిని వాడుకొనడానికి ఇంతకన్న మంచి చోటు దొరకదు. ఈ శ్రమకు తగిన పారితోషికం, అట్టమీద అనువాదకుని పేరు లేకపోతే ఈ పని ఎవరూ చేయరు, చేసినా బాగా చేయరు.

ఆక్షేపణలు లేకపోలేదు. పిల్లలు ఇప్పుడు చరవాణి వదలి చదవరంటారు. పిల్లలకు అందుబాటులో పెట్టినది పిల్లలు పట్టుకొంటారు. పుస్తకం అందుబాటులో లేనప్పుడు చరవాణిని నిందించడం పెద్దల సాకు. జపాను బొమ్మల కథల అనువాదాలను వెదకి వెదకి చదివే యువకులు ఈ దేశపు నగరాలలో ఎందరో ఉన్నారు. భాష మారినంత మాత్రాన కథ పరాయిది కాదనడానికి వారే సాక్షులు. తమిళంలో ముత్తు కామిక్స్, లయన్ కామిక్స్ ఐరోపా బొమ్మల కథలను దశాబ్దాలుగా అనువదించి అందిస్తూనే ఉన్నవి. శివకాశి చేయగలిగినది విజయవాడకు, హైదరాబాదుకు అసాధ్యమనడానికి కారణం కనబడదు.

బొమ్మల కథ సాహిత్యం కాదని మరి కొందరి మాట. సాహిత్య అకాడెమీ 2010 నుండి బాలసాహిత్యానికి పురస్కారాలు ఇస్తున్నది. పిల్లవాడు చదివేది సాహిత్యమేనని ఒప్పుకొన్న తరువాత, బొమ్మతో కూడిన వాక్యం సాహిత్యం నుండి జారిపోతుందనడం ఎటువంటి తర్కం? ఒక జాతి చదవడం నేర్చుకొన్న పుస్తకాలను ఆ జాతి సాహిత్య చరిత్రలో చేర్చకపోతే ఆ చరిత్ర మేడమీది గదులను మాత్రమే లెక్కపెట్టి మెట్లను మరచినట్లు.

లాభం రాదన్నది మూడవ ఆక్షేపణ, అన్నిటిలోకి నిజాయితీ గలది. సేకరణదారుకు అమ్మే ఖరీదైన ప్రతిమీద లాభం రావచ్చు. పల్లె పిల్లవానికి అమ్మే చవుక ప్రతిమీద రాకపోవచ్చు. అందుచేతనే ఈ పని ప్రకాశకుని ఒక్కని నెత్తిన వేయరాదు. గ్రంథాలయాలు కొనాలి, బడులు కొనాలి, అకాడెమీలు, ప్రభుత్వ ప్రచురణ సంస్థలు అనువాదానికి సాయపడాలి. ఖరీదైన ప్రతి అచ్చు వేయవద్దని ఎవరూ అనడం లేదు. దానిమీద వచ్చిన లాభంలో కొంత అదే కథకు ఒక చవుక ప్రతిగా, ఇంకొక భాషలో ఒక ప్రతిగా మారాలని కోరడం అత్యాశ కాదు.

పాత వీరుణ్ణి బ్రతికించినామని చెప్పుకొనేవారిని ఒక్క ప్రశ్న అడగవచ్చును. అతని పేరు నిన్నటివరకు వినని పదేళ్ళ పిల్లలు ఈ సంవత్సరం ఎందరు అతని కథ చదివినారు? ఆ లెక్క చెప్పగలిగినవారు పునరుజ్జీవనమన్న మాట వాడవచ్చు. చెప్పలేనివారు తాము చేసిన పనిని దాని అసలు పేరుతో పిలవాలి: అది పునర్ముద్రణ. మంచి పనే, కాని సగం పని. తక్కిన సగం చేయవలసినవారు గ్రంథాలయ ద్వారాల వద్ద, బడుల వద్ద, అన్నిటికన్న ముందు అనువాదకుల బల్లల వద్ద ఉన్నారు. వారిని ఇంతవరకు ఎవరూ పిలవలేదు.